చెవిరాయి చదువుదాం – 5వ పాఠం: రూపం మారే రోజుల్లో రాయి

గత నాలుగు పాఠాల్లో తిలాపియా పిల్లల తలలోంచి చెవిరాయి తీయడం, గాజు పలక మీద అతికించడం, అరగదీయడం, రోజు వలయాలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. తిలాపియాతోనే మొదలుపెట్టడానికి కారణం ఉంది. దాని పిల్ల మొదటి నుంచీ చిన్న చేపలాగే ఉంటుంది, ఆ ఆకారంలోనే మెల్లగా పెద్దదవుతుంది. రాయి కూడా అదే పద్ధతిలో పెరుగుతుంది. దారిలో పెద్ద మలుపులేవీ ఉండవు కాబట్టి చేతికీ కంటికీ అలవాటు కావడానికి అది మంచి చేప.

కానీ సముద్ర చేపల్లో చాలావాటి పిల్లలు అలా ఉండవు. అవి ఒక రూపంలో పుట్టి, వారాలో నెలలో ఆ రూపంలోనే బతికి, తర్వాత కొద్ది రోజుల్లో పూర్తిగా వేరే చేపలా మారిపోతాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే రూపవిక్రియ అంటారు. ఆ కొద్ది రోజుల్లో చెవిరాయి ఏం చేస్తుందో చదవడమే ఈ పాఠం. చివరికి వచ్చేసరికి రూపవిక్రియ గుర్తు ఎక్కడుందో మీరు పట్టుకోగలగాలి, దానికి లోపలా బయటా ఉన్న రోజులను విడివిడిగా లెక్కించగలగాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ గుర్తు దాటి చేప పొడవును వెనక్కి లెక్కించే పొరపాటు చేయకూడదు. ఈ మూడో విషయం కోసమే ఈ పాఠాన్ని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

కొద్దిగా పాత పాఠం

చేపకు లోపలి చెవులు రెండు, ఒక్కో చెవిలో రాళ్లు మూడు: సాజిటా, లాపిల్లస్, ఆస్టెరిస్కస్. చాలా సముద్ర చేపల్లో సాజిటా అన్నిటికంటే పెద్దది. మన శీలావతి, బొచ్చె వంటి కార్ప్ జాతి చేపల్లో సాజిటా సూదిలా సన్నగా ఉంటుంది కాబట్టి వాటి పిల్లల వయసుకు లాపిల్లస్‌నే చూస్తారు. రాయి ఎక్కువ భాగం అరగొనైట్ రూపంలో ఉన్న కాల్షియం కార్బొనేట్, మిగిలిన కొద్ది భాగం ప్రొటీన్. రోజులో ఒక పూట కాల్షియం ఎక్కువగా పేరుకుంటుంది, ఇంకో పూట ప్రొటీన్ పాలు పెరుగుతుంది. ఈ రెండు పొరలూ కలిస్తే ఒక రోజు వలయం. ఎముకలాగా రాయి మళ్లీ కరిగి శరీరానికి ఉపయోగపడదు. ఒకసారి పడిన పొర అలాగే ఉంటుంది.

ఈ రోజు వలయాలను 1971లో జార్జియో పనెల్లా లోకానికి చూపించాడు. 1976లో బ్రదర్స్, మాథ్యూస్, లాస్కర్ అవి లార్వాల్లో (రూపం మారకముందు దశలో ఉన్న పిల్లల్లో) కూడా పడతాయని చూపించారు. అంతకుముందు చెవిరాయి అంటే ఏళ్లు లెక్కపెట్టడానికే. రోజుల లెక్క దొరికాకే, ఒక లార్వా ఏ తేదీన పుట్టింది, ఏ తేదీన మారింది అని అడగడం మనకు సాధ్యమైంది.

రాయికీ ఒంటికీ ఉన్న లంకె

వలయం వెడల్పుగా ఉంటే ఆ రోజు చేప బాగా పెరిగిందని, సన్నగా ఉంటే తక్కువగా పెరిగిందని మూడో పాఠంలో చెప్పుకున్నాం. ఒకే దశలో ఉన్న ఆరోగ్యమైన చేపకు ఇది స్థూలంగా నిజం. అయితే ఈ లంకె ఎప్పుడూ ఒకేలా ఉండదు.

చేపకు తిండి దొరకక ఒళ్లు పెరగడం ఆగిపోయినా రాయి పెరగడం పూర్తిగా ఆగదు. అందుకే ఒకే పొడవున్న రెండు చేపలను తీసుకుంటే, మెల్లగా పెరిగి ఆ పొడవుకు వచ్చినదాని రాయే పెద్దదిగా ఉంటుంది. 1989లో గప్పీల మీద, స్ట్రైప్డ్ బాస్ మీద జరిగిన పరిశోధనలు ఈ సంగతి స్పష్టంగా చూపించాయి. అంటే రాయి కొలిచేది పొడవును కాదు. చేప ఒంట్లో జరిగే రసాయనిక పని ఎంత జోరుగా ఉందన్నదే రాయి మీద ఎక్కువగా పడుతుంది. మామూలు రోజుల్లో ఆ జోరూ ఒంటి పెరుగుదలా కలిసి నడుస్తాయి కాబట్టి తేడా మనకు తెలియదు. రూపవిక్రియలో ఆ రెండూ విడిపోతాయి.

దీన్ని అన్నిటికంటే బాగా చూపించేది పాములా పొడుగ్గా ఉండే చేప, ఈల్.

ఈల్: ఒళ్లు తగ్గుతుంటే రాయి పెరుగుతుంది

జపాన్ ఈల్ (ఆంగ్విల్లా జపోనికా) బతుకంతా జపాన్, కొరియా, చైనా, తైవాన్ నదుల్లో గడిపి, గుడ్లు పెట్టడానికి మరియానా దీవులకు పశ్చిమాన పసిఫిక్ సముద్రంలోకి వెళుతుంది. అది ఎక్కడ గుడ్లు పెడుతుందో కనిపెట్టిన కథలో చెవిరాయికి పెద్ద పాత్ర ఉంది. సముద్రంలో పట్టిన లార్వాల చెవిరాళ్లలో వలయాలు లెక్కపెట్టి పుట్టిన తేదీలను వెనక్కి గణిస్తే, అవి అమావాస్యల చుట్టూ గుంపుగా కనిపించాయి. కత్సుమి సుకమోతో బృందం ఆ ఆధారం పట్టుకుని వెతికి 2005లో పొదిగి కొద్ది రోజులే అయిన పిల్లలను, 2009లో గుడ్లనే పట్టుకుంది. వలయాలు లెక్కపెట్టడం విసుగు పని అనిపించినప్పుడు ఇది గుర్తుచేసుకోండి. ఆ సముద్రంలో ఓడను ఎప్పుడు, ఎటు తిప్పాలో చెప్పినవాటిలో మిల్లీమీటరులో చిన్న భాగమంతే ఉన్న రాళ్లు ఉన్నాయి.

ఈల్ లార్వా పేరు లెప్టోసెఫాలస్. చదునుగా, పలచగా, అటువైపు అక్షరాలు కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది. దాని ఒంట్లో ఎక్కువ భాగం నీరు పట్టి ఉంచే జిగురు పదార్థం. ప్రవాహంలో కొట్టుకుపోతూ నెలల తరబడి అలాగే పెరిగి, జపాన్ ఈల్‌లో అయితే 60 మిల్లీమీటర్లకు దగ్గరగా వస్తుంది. ఆ తర్వాత రూపవిక్రియ మొదలవుతుంది. లార్వా పళ్లు ఊడిపోతాయి, తినడం ఆగుతుంది, జిగురు కరిగి నీరు బయటికి పోతుంది, ఒంటి ఎత్తు బాగా తగ్గుతుంది, పొడవు కూడా కొంత తగ్గుతుంది. గుండ్రని ఒళ్లుతో, ఇంకా రంగు పట్టని గాజు ఈల్ తయారవుతుంది. నదీ ముఖాల దగ్గర జాలర్లు పట్టేది దీన్నే.

ఇప్పుడు అదే సమయంలో రాయి సంగతి చూడండి. లార్వా దశ మొదట్లో వలయాలు కొంచెం వెడల్పవుతాయి, తర్వాత మెల్లగా సన్నబడుతూ పోతాయి, చాలాకాలం అలాగే ఉంటాయి. రూపవిక్రియ మొదలయ్యే చోట ఒక్కసారిగా కొన్ని రెట్లు వెడల్పవుతాయి. ఆరాయ్, ఒతాకే, సుకమోతో 1997లో జపాన్ ఈల్ మీద ప్రచురించిన పనిలో ఈ మార్పును, దానితో పాటు రాయి రసాయనంలో వచ్చే మార్పును వివరంగా చూపించారు. తినని, నీరు పోయి చిక్కిపోతున్న చేప చెవిలో రాయి అంతకుముందెన్నడూ లేనంత జోరుగా పెరుగుతోందన్నమాట. రూపవిక్రియలో హార్మోన్ల మార్పూ, పాత కణజాలాన్ని కరిగించి కొత్తది కట్టే పనీ ఒంట్లో జోరుగా సాగుతుంటాయి. రాయి ఆ జోరునే రాసుకుంటుంది, పొడవును కాదు.

మన గోదావరి, కృష్ణలలో దొరికే మలుగు పాములు కూడా ఆంగ్విల్లా కుటుంబానివే. సముద్రంలో పుట్టి నదిలో పెరిగేవే. వాటి పిల్లలు మీకు దొరికితే ఈ పాఠం వాటికీ పనికొస్తుంది.

మొదటి అభ్యాసం

కాగితం, పెన్సిల్ తీసుకోండి. కింద ఇచ్చినవి అభ్యాసం కోసం నేను వేసిన అంకెలు, ఏ చేపలోనూ కొలిచినవి కావు. అయితే నిజమైన రాయిలో కనిపించే తీరుకు దగ్గరగా ఉండేట్టు వేశాను. 56 మిల్లీమీటర్ల గాజు ఈల్ ఒకటి, దాని సాజిటాలో కేంద్రం నుంచి అంచు వరకు 160 వలయాలు. పదేసి వలయాలకు ఒక సగటు వెడల్పు, మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు):

0.5, 0.7, 0.9, 0.9, 0.8, 0.7, 0.6, 0.6, 0.5, 0.5, 0.5, 0.6, 1.4, 2.6, 2.9, 1.8

ముందు గ్రాఫ్ గీయండి. అడ్డంగా వలయాల సంఖ్య, నిలువుగా వెడల్పు. 120వ వలయం వరకు గీత తక్కువ ఎత్తులోనే నడుస్తుంది, ఆ తర్వాత ఎగురుతుంది. రూపవిక్రియ ఆరంభాన్ని ఈ ఎగిరే చోట పెడతాం. కొందరు వెడల్పు అత్యధికంగా ఉన్న చోట పెట్టాలనుకుంటారు, అది సరికాదు. అత్యధికం వచ్చేసరికి మార్పు సగం దూరం నడిచిపోయి ఉంటుంది. పెరుగుదల మొదలైన తొలి వలయాన్నే తీసుకోండి. మీ పుస్తకంలో దాన్ని ఎలా నిర్ణయించారో కూడా రాసుకోండి, ఎందుకంటే రేపు ఇంకొకరు మీ లెక్కను సరిచూడాలి.

ఇప్పుడు వ్యాసార్థం. మొదటి 120 వలయాలు కలిపితే 78 మైక్రాన్లు. చివరి 40 వలయాలు కలిపితే 87 మైక్రాన్లు. మొత్తం 165. నాలుగు నెలల్లో పేరుకున్న దానికంటే చివరి నలభై రోజుల్లో పేరుకున్నదే ఎక్కువ.

ఇక్కడ అసలు పరీక్ష. పొలుసుల మీద పెరుగుదల చదివినవారి కాలం నుంచి వస్తున్న సాదా అనుపాత సూత్రం ఒకటుంది: పట్టినప్పటి పొడవును, అప్పటి రాయి వ్యాసార్థంతో గుణించి, పట్టినప్పటి వ్యాసార్థంతో భాగిస్తే అప్పటి పొడవు వస్తుంది. మన చేపకు వేయండి. 56 గుణించు 78, భాగించు 165. సుమారు 26.5 మిల్లీమీటర్లు. అంటే రూపవిక్రియ మొదలైన రోజు ఈ ఈల్ 26.5 మిల్లీమీటర్లు ఉండేదని లెక్క చెబుతుంది. నిజంగా ఆ రోజు అది పూర్తిగా పెరిగిన లెప్టోసెఫాలస్, 56 కంటే పొడవుగానే ఉండి ఉంటుంది.

గుణకారం, భాగహారం రెండూ సరైనవే. తప్పు ఎక్కడుందంటే, రాయికీ ఒంటికీ లంకె మొదటి నుంచి చివరి వరకు ఒకటేనని సూత్రం ముందే అనుకోవడంలో. ఇలాంటి చేపకు లార్వా దశకు వేరే సంబంధం, రూపవిక్రియ తర్వాత వేరే సంబంధం కట్టుకోవాలి. అందుకు ప్రతి దశలోనూ పట్టిన చేపలు కావాలి. అవి లేకపోతే రోజుల లెక్క చెప్పండి, పొడవు చెప్పకండి. సగం సమాచారం నిజాయితీగా ఇవ్వడం వల్ల ఎవరికీ నష్టం లేదు.

స్ట్రాన్షియం దగ్గర జాగ్రత్త

ఈ భాగం రసాయన పరికరాలు అందుబాటులో ఉన్నవారికి. లేనివారు కూడా చదవండి, ఎందుకంటే ఇతరులు రాసిన వ్యాసాలు చదివేటప్పుడు పనికొస్తుంది.

సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే మూలకం ఎక్కువ, చాలా నదుల్లో తక్కువ. రాయిలో కాల్షియం స్థానంలో కొద్దిగా స్ట్రాన్షియం చేరుతుంది. అందువల్ల కేంద్రం నుంచి అంచుకు స్ట్రాన్షియం, కాల్షియం నిష్పత్తి కొలిస్తే చేప ఎప్పుడు ఉప్పునీటిలో ఉందో, ఎప్పుడు మంచినీటిలోకి వచ్చిందో తెలుస్తుందని సాధారణంగా చెబుతారు. పెద్ద చేపల్లో ఇది బాగానే పనిచేస్తుంది. ఈల్ రాయిలో కూడా లార్వా దశ పొడుగునా నిష్పత్తి ఎక్కువగా ఉండి, వలయాలు వెడల్పయ్యే చోటే బాగా పడిపోతుంది. అది చూసి చేప నదిలోకి వచ్చేసిందని రాసేస్తే పెద్ద తప్పు. ఆ రోజున చేప ఇంకా నడి సముద్రంలోనే ఉంది. మారింది నీరు కాదు, ఒళ్లు. లార్వా ఒంటి నిండా ఉన్న జిగురు పదార్థానికి స్ట్రాన్షియాన్ని పట్టి ఉంచే గుణం ఉందని, అది కరిగిపోవడమే ఈ తగ్గుదలకు కారణమని జపాన్ పరిశోధకులు ప్రతిపాదించారు.

కాబట్టి నది ప్రవేశాన్ని నిర్ణయించాలంటే రూపవిక్రియ గుర్తుకు బయట ఉన్న భాగంలోనే వెతకాలి. వలయాల వెడల్పు, రసాయనం రెండూ ఒకే చోట మారితే అది రూపవిక్రియ. వెడల్పు మళ్లీ తగ్గాక రసాయనంలో ఇంకో మార్పు కనిపిస్తే అప్పుడు నీటి సంగతి ఆలోచించవచ్చు.

కనిపించని వలయాలు

యూరప్ ఈల్ విషయంలో ఒక వాదం చాలాకాలంగా నడుస్తోంది. 20వ శతాబ్దం ఆరంభంలో డెన్మార్క్‌కు చెందిన యోహానెస్ ష్మిట్ అట్లాంటిక్‌లో వేల లార్వాలు పట్టి, సర్గాసో సముద్రం (అట్లాంటిక్‌లో ఈ ఈల్ పుట్టే చోటు) నుంచి యూరప్ తీరానికి అవి రావడానికి రెండేళ్లకు పైగా పడుతుందని లెక్కవేశాడు. 1990లలో గాజు ఈల్ రాళ్లలో వలయాలు లెక్కపెట్టినవారికి ఏడాది కంటే తక్కువే వచ్చింది. ప్రవాహాల వేగాన్ని బట్టి చూస్తే అంత తక్కువ కాలంలో అట్లాంటిక్ దాటడం కష్టమని ఇంకొందరు వాదించారు.

ఇందులో ఎవరి పక్షం తీసుకోవాలన్నది ఈ పాఠానికి ముఖ్యం కాదు. మన పనికి సంబంధించిన హెచ్చరిక ఉంది కాబట్టి చెబుతున్నాను. చల్లని నీటిలో, పెరుగుదల మందగించినప్పుడు వలయాలు ఒక మైక్రాన్ కంటే బాగా సన్నబడతాయి. మామూలు కాంతి మైక్రోస్కోపుకు అంత సన్నని గీతలను నమ్మకంగా విడదీసే శక్తి లేదు. రెండు మూడు వలయాలు కలిసి ఒకటిగా కనిపిస్తాయి. అంతేకాదు, 1982లో ఆడ్రీ గెఫెన్ హెర్రింగ్, టర్బాట్ లార్వాలను పెంచి చూసినప్పుడు, మెల్లగా పెరిగిన లార్వాల్లో రోజుకు ఒకటి కంటే తక్కువ వలయాలే లెక్కకు వచ్చాయి. కాబట్టి రూపవిక్రియకు ముందున్న సన్నని మండలంలో మీ లెక్క ఎప్పుడూ తక్కువ వైపే తప్పుతుంది. పైన అభ్యాసంలో 0.5 మైక్రాన్ల వలయాలున్నాయి చూశారా, నిజమైన రాయి అయితే ఆ భాగానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అది లేకపోతే మీ అంకె పక్కన "కనీసం" అని రాయండి.

చదును చేపలు: కొత్త కేంద్రాలు పుట్టే రాయి

ఈల్‌లో వలయాల వెడల్పు మారింది. చదును చేపల్లో రాయి ఆకారమే మారుతుంది.

ఉత్తర సముద్రంలోని ప్లేస్ చేపనో, జపాన్‌లో పెంచే హిరామెనో తీసుకోండి. లార్వా మామూలు చేపలాగే నిలువుగా ఈదుతుంది, తలకు రెండు వైపులా రెండు కళ్లు. సెంటీమీటరు దాటే సమయానికి ఒక కన్ను తల పైనుంచి జరిగి రెండో కంటి పక్కకు వస్తుంది. ప్లేస్‌లో ఎడమ కన్ను కుడివైపుకు, హిరామెలో కుడి కన్ను ఎడమవైపుకు. చేప ఒక పక్కకు ఒరిగి, ఇసుక మీద చేరి, ఇక జీవితాంతం ఆ పక్కమీదే ఉంటుంది. మన కాకినాడ, విశాఖ రేవుల్లో దొరికే నాలుక చేపలది కూడా ఇదే కథ. ఈ మార్పును నడిపించేది థైరాయిడ్ హార్మోన్. 1985లో ఇనుయి, మివా హిరామె లార్వాలకు ఈ హార్మోన్ ఇచ్చి మార్పును త్వరగా రప్పించారు. హార్మోన్ తయారీని అడ్డుకునే మందు వేస్తే లార్వాలు మారకుండా లార్వాలుగానే పెరుగుతూ పోయాయి.

చెవిరాయి అసలు పని ఏమిటో ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. అది చేపకు పైన ఏది, కింద ఏది అని చెప్పే అవయవంలో భాగం. చదును చేప ఒళ్లు 90 డిగ్రీలు ఒరిగినా పుర్రెలో చెవి ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి చెవికి కింద అనేది ఒక్కసారిగా పక్క అయిపోతుంది. కళ్లు మాత్రం కొత్త స్థానానికి వచ్చాయి. చెవి చెప్పేదానికీ కళ్లు కదలాల్సిన దిశకూ పొత్తు కుదర్చడానికి మెదడులో నరాల దారులే మారతాయని గ్రాఫ్, బేకర్ 1980లలో చూపించారు. ఒక చిన్న చేప కొద్ది రోజుల్లో ఇంత పని చేసుకుంటుందని తెలిశాక ఆ రాయిని మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు నాకు ప్రతిసారీ గౌరవం కలుగుతుంది.

ఇక రాయి. లార్వా దశలో సాజిటా గుండ్రంగా, ఒకే కేంద్రం చుట్టూ వలయాలతో ఉంటుంది. రూపవిక్రియ సమయంలో దాని అంచున కొత్త కేంద్రాలు పుడతాయి. వీటిని అదనపు కేంద్రాలు అందాం. ఒక్కో అదనపు కేంద్రం తన చుట్టూ తానే వలయాలు వేసుకుంటూ బయటికి పెరుగుతుంది. చెరువులో రెండు మూడు చోట్ల ఒకేసారి రాళ్లు వేస్తే అలలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టు, ఆ వలయాలు కొంతదూరం కలిసిపోయి, కలబడి, చివరికి అంచు దగ్గర ఒకే గీతగా సర్దుకుంటాయి. గుండ్రని రాయికి తమ్మెలు వస్తాయి. స్టారీ ఫ్లౌండర్, వింటర్ ఫ్లౌండర్, ప్లేస్, డోవర్ సోల్ వంటి ఎన్నో జాతుల్లో ఈ తీరు నమోదైంది.

చదివేవాడికి ఇందులో లాభమూ ఉంది, చిక్కూ ఉంది. లాభం ఏమిటంటే గుర్తు స్పష్టంగా కనిపిస్తుంది. అసలు కేంద్రం నుంచి మొదటి అదనపు కేంద్రం వరకు ఉన్న వలయాలు లార్వాగా గడిపిన రోజులు. చిక్కు ఏమిటంటే ఆ బయట సాజిటా మీద లెక్కపెట్టడం చాలా కష్టం. కలబడిన చోట ఒక వలయం రెండుగా కనిపించవచ్చు, రెండు ఒకటిగా కనిపించవచ్చు.

అక్కడే లాపిల్లస్ ఆదుకుంటుంది. చదును చేపల లాపిల్లస్‌లో సాధారణంగా అదనపు కేంద్రాలు పుట్టవు. రాయి చిన్నదైనా వలయాలు కేంద్రం నుంచి అంచు వరకు తెగకుండా నడుస్తాయి. అందుకని మొత్తం వయసు లాపిల్లస్‌లో లెక్కపెట్టండి. లార్వా రోజులు సాజిటాలో లెక్కపెట్టండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే ఇసుక మీద గడిపిన రోజులు వస్తాయి. ఒకే చేప రాళ్లను ఒకే పలక మీద, పక్కపక్కన, పేరు రాసి అతికించండి. రాళ్లు తారుమారైతే ఈ తీసివేతకు అర్థం ఉండదు.

లార్వాలను ఆల్కహాలులోనే దాచాలని రెండో పాఠంలో చెప్పాను, ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. ఫార్మలిన్ ఆమ్లంగా మారి రాయి అంచును తినేస్తుంది. కొత్తగా పుట్టిన అదనపు కేంద్రాలు ఉండేది సరిగ్గా ఆ అంచునే.

గుర్తా, దెబ్బా?

రాయిలో ముదురు గీత కనిపించిన ప్రతిచోటా రూపవిక్రియ జరిగిందనుకోకూడదు. పొదిగిన రోజు, పచ్చసొన అయిపోయిన రోజు, వల నుంచి బకెట్లోకి మారిన రోజు, నీటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయిన రోజు కూడా గీతలు పడతాయి. టెన్షన్ అక్కర్లేదు, తేడా పట్టుకోవచ్చు. దెబ్బ వల్ల పడిన గీతకు ఇటూ అటూ వలయాల వెడల్పు చాలావరకు ఒకేలా ఉంటుంది. రూపవిక్రియ దగ్గర గీత ఉన్నా లేకపోయినా, వెడల్పు, స్పష్టత, ఆకారం వీటిలో ఒకటైనా చాలా వలయాల పొడుగునా మారుతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. అదే జాతి చేపలు పది చూస్తే రూపవిక్రియ గుర్తు అన్నిటిలోనూ దగ్గరదగ్గర దూరంలో ఉంటుంది. దెబ్బ గీత అయితే కొన్నిటిలోనే ఉంటుంది, లేదా ఒకే తేదీకి పడినా వేర్వేరు వయసుల్లో కనిపిస్తుంది.

అసలు నమ్మకం కలగాలంటే లార్వాలను తొట్టిలో పెంచి, మారుతున్న రోజున ఆలిజరిన్ రంగు కలిపిన నీటిలో కొన్ని గంటలు ఉంచి, తర్వాత రాయి తీయాలి. ఆ రోజు పొర ఫ్లోరసెంట్ కాంతిలో మెరుస్తుంది. మీరు గుర్తు అనుకున్నదీ ఆ మెరుపూ ఒకేచోట ఉంటే ఇక వాదన లేదు.

రెండో అభ్యాసం

ఇవి కూడా అభ్యాసానికి వేసిన అంకెలే. ఒక చదును చేప పిల్లను జూన్ 10న పట్టారు. లాపిల్లస్‌లో మొత్తం 80 వలయాలు. సాజిటాలో కేంద్రం నుంచి మొదటి అదనపు కేంద్రం వరకు 38. ఈ జాతిలో పొదిగిన 3 రోజులకు తొలి వలయం పడుతుందని, రెండు రాళ్లలోనూ అది ఒకే రోజున పడుతుందని పెంపకంలో తేలిందనుకుందాం. రూపవిక్రియ ఏ తేదీన మొదలైంది? ఏ తేదీన పొదిగింది?

కింద చదివే ముందు మీరు వేసుకోండి.

80లోంచి 38 తీస్తే 42. జూన్ 10 నుంచి 42 రోజులు వెనక్కి వెళితే ఏప్రిల్ 29. అది మార్పు మొదలైన తేదీ. అక్కడి నుంచి 38, దానికి 3 కలిపి 41 రోజులు వెనక్కి వెళితే మార్చి 19, అది పొదిగిన తేదీ.

ఇప్పుడు ఇదే లెక్కను రెండు రాళ్లలో తొలి వలయం వేర్వేరు రోజుల్లో పడిందనుకుని మళ్లీ వేయండి. లాపిల్లస్‌లో పొదిగిన రోజే, సాజిటాలో 3 రోజుల తర్వాత. మొత్తం వయసు 80 రోజులవుతుంది, లార్వా కాలం 41 అవుతుంది, మార్పు తేదీ మే 2కు జరుగుతుంది, పొదిగిన తేదీ మార్చి 22 అవుతుంది. చిన్న ఊహ ఒకటి మారితే తేదీలు మూడు రోజులు కదిలాయి. ఆ మూడు రోజుల్లో సముద్రం మీద గాలివాన ఉండొచ్చు, అమావాస్య ఉండొచ్చు. అందుకే తొలి వలయం ఎప్పుడు పడుతుందో ఒక్కో జాతికి విడిగా తేల్చుకోవాలి.

వచ్చే పాఠంలో ఒకే రాయిని ఇద్దరు చదివితే లెక్కలు ఎందుకు కలవవో, ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చో చూద్దాం. అందుకోసం మీ దగ్గరున్న తిలాపియా పలకల్లో ఐదింటికి పేర్లు కప్పేసి, పాత లెక్క చూడకుండా, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు లెక్కపెట్టి ఆ అంకెలు దగ్గర పెట్టుకోండి.